ముప్పైరెండు క్లాసులు, ఒక టెంకాయ

కళ్యాణదుర్గం దాటి లోపలికి పోతే ఒక ఊరు. ఎండలు ముదిరిన రోజులు. మా దగ్గర డిగ్రీలో జియాలజీ చదివి, ఫస్ట్ క్లాసులో పాసై ఏడాది దాటిన కుర్రవాడు ఫోన్ చేసి, "సార్, మా నాయన బోరు వేపిస్తాండాడు, ఒకసారి వచ్చి పోతారా" అంటే వెళ్లాను. బోరు బండి ఇంకా రాలేదు. చీనీ చెట్ల ఆకులు దోనెల్లాగా ముడుచుకుపోయి ఉన్నాయి. గట్టు మీద వాళ్ల నాయన, ఇద్దరు చిన్నాయనలు, నీళ్లు చూసే పెద్దాయన ఒకరు నిలబడి ఉన్నారు. తోట మధ్యలో మావాడు అరచేతిలో టెంకాయను అడ్డంగా పెట్టుకుని, చూపు దాని మీదే నిలిపి, మెల్లగా అడుగులేస్తున్నాడు.

టెంకాయ లేచి నిలబడితే కింద జల ఉన్నట్టు. పెద్దాయనకు లేచిన చోట వీడికీ లేస్తుందా అని చూస్తున్నారు. నన్ను చూసి వాడు కొంచెం సిగ్గుపడ్డాడు గానీ టెంకాయ మాత్రం దించలేదు.

"వీడు మూడేండ్లు రాళ్ల చదువు చదివినాడు గదా సార్, ఏడ వేయాల్నో చెప్పలేడా?" అని వాళ్ల నాయన నన్నడిగాడు. ఎత్తిపొడుపు కాదు. తెలుసుకుందామనే అడిగాడు. నేను నీళ్లు నమిలాను.

వాణ్ని చెట్టు నీడకు పిలిచి అడిగితే, "పక్క తోటలో నాలుగొందల అడుగులకు పడినాయంట సార్, మనం ఆరొందలు పోతే ధార తగిలేది గ్యారంటీ" అన్నాడు. ధార! అంటే వాడి మనసులో భూమి కింద ఒక ఏరు పారుతోంది. లోతుకు పోతే చాలు, తగులుతుంది. హైడ్రోజియాలజీలో వాడి ఇంటర్నల్ పేపర్లు దిద్దింది నేనే. పోరోసిటీ (రాతిలో ఖాళీ ఎంత), పర్మియబిలిటీ (రాయి నీటిని ఎంత పోనిస్తుంది) నిర్వచనాలు పొల్లుపోకుండా రాశాడు. ఇసుకలోంచి, రాతిలోంచి నీరు ఎంత పారుతుందో చెప్పే డార్సీ సూత్రం 1856 అని సంవత్సరంతో సహా రాశాడు. స్కేలు పెట్టి గీసిన ఆక్విఫర్ (నీరుండే పొర) బొమ్మకు నేనే పూర్తి మార్కులు వేశాను. ఆ బొమ్మా ఈ ధారా ఒకే తలలో పక్కపక్కనే కాపురం ఉన్నాయి, ఒకదానికొకటి ఎదురుపడకుండా.

మర్నాడు బోరు వేశారు. 620 అడుగులు. పొడి లేచింది.

టెంకాయ మీద నాకు కోపమేమీ లేదు. నీళ్లు చూసేవాళ్లలో ఆరితేరినవాళ్లు చేతిలో ఏం పట్టుకున్నా కంటితో చెట్లను, పుట్టలను, నేల వాలును చూస్తూనే ఉంటారు. వరాహమిహిరుడు ఆరో శతాబ్దంలోనే ఏ చెట్టు పక్కన ఏ పుట్ట ఉంటే ఎంత లోతున నీరు ఉంటుందో రాసిపెట్టాడు. అందులో తప్పులుండొచ్చు, కానీ అది చూపు. మావాడికి మేం మూడేళ్లలో ఆ చూపు కూడా ఇవ్వలేదు. ఇచ్చింది నిర్వచనాలు. కోపం వచ్చిందంటే నా సిలబస్ మీద వచ్చింది. దాన్ని తయారుచేసిన నలుగురిలో నేనొకణ్ని.

మన రాష్ట్రంలో డిగ్రీ సిలబస్సులు మారడం కొత్త కాదు. 2015-16లో సెమిస్టర్లతో సీబీసీఎస్ (పేపర్లు ఎంచుకునే పద్ధతి) వచ్చింది, 2020-21లో మళ్లీ మార్చారు, 2023-24 నుంచి ఒక్క సబ్జెక్టే ప్రధానంగా సింగిల్ మేజర్ అన్నారు. ఎనిమిదేళ్లలో మూడు మార్పులు. అటానమస్ కాలేజీలకు కొంత మేరకు సొంతంగా మార్చుకునే వీలుంటుంది కాబట్టి ప్రతిసారీ సిలబస్ తేల్చే కమిటీ, బోర్డ్ ఆఫ్ స్టడీస్, మీటింగ్ పెడతారు. పొద్దున ఉగ్గాని, బజ్జీ. ఆ తర్వాత పాత సిలబస్ ముందేసుకుని ఒక్కో యూనిట్ చదువుకుంటూ పోవడం. పేపరుకు ఐదు యూనిట్లు. స్ఫటికాల శాస్త్రం క్రిస్టలోగ్రఫీ చెప్పే సారు తన యూనిట్ ముట్టనివ్వడు. రాళ్ల రకాలు చెప్పే పెట్రాలజీ మేడం తనది ముట్టనివ్వదు. యూనివర్సిటీ నుంచి వచ్చినాయన "రిమోట్ సెన్సింగ్ లేకపోతే ఎట్లండీ, ఈ కాలంలో" అంటాడు. దాన్నీ చేరుస్తాం. ఎవరూ ఏదీ తీసేయరు. లంచ్ టైముకు సిలబస్ ఇంకో అర పేజీ పెరిగి ఉంటుంది.

కాగితం మీద పేపరుకు 60 గంటలు. ఇంటర్నల్ పరీక్షలు, ఎలక్షన్ డ్యూటీలు, పండగలు, బంద్‌లు పోను నలభై చిక్కితే గొప్ప. ఆ నలభై గంటల్లో ఐదు యూనిట్లు "కవర్" చేస్తాం. ఆ మాట ఎవరు పెట్టారో గానీ సరిగ్గా పెట్టారు. దుప్పటి కప్పినట్టే కప్పుతాం, కింద ఏముందో ఎవరికీ కనపడకుండా.

ఆ బోరు తర్వాత జరిగిన మీటింగులో నేనొక మాట అన్నాను. సిలబస్‌లో ఏం చేర్చాలన్నది తర్వాత చూద్దాం, మూడేళ్ల తర్వాత ఏది తెలియకపోతే మన పిల్లవాణ్ని జియాలజీ చదివాడు అనడానికి మనకే నోరు రాదో అది ముందు తేల్చుకుందాం అని. అందరూ సరేనన్నారు. ఎవరికి వాళ్లు పది ముఖ్యమైన భావనలు రాయండి అంటే, పావుగంటలో నాలుగు కాగితాలు వచ్చాయి. నాలుగింటిలోనూ ఉన్నవి సిలబస్‌లోని శీర్షికలే. "క్రిస్టల్ సిస్టమ్స్", "గ్రౌండ్ వాటర్", "అన్‌కన్ఫర్మిటీస్", "ఫాసిల్స్". నా కాగితంలో కూడా అవే. పైగా నేను ట్రైలోబైట్లకు, అంటే ఎప్పుడో అంతరించిపోయిన ఒక రకం సముద్ర జీవులకు, విడిగా ఒక గీత కేటాయించాను.

ఇక్కడే నా వాదన మొదలవుతుంది. "భూగర్భ జలాలు" అనేది భావన కాదు, అట్ట మీద పేరు. కర్త, క్రియ ఉన్న వాక్యంగా రాయగలిగితేనే అది భావన. "మన గ్రానైటులో నీరు పైన మొరంగా మారిన పొరలోనూ, దాని కింది రాతి పగుళ్లలోనూ కొద్దికొద్దిగా ఉంటుంది, వాన పడితే తప్ప నిండదు, పక్క తోటలోదీ మన తోటలోదీ చాలాసార్లు ఒకటే నీరు." ఇలా రాయగానే దాన్ని కాదనే వాక్యం కూడా కళ్లముందుకు వస్తుంది: "కింద ధార పారుతుంది, లోతుకు పోతే తగులుతుంది." ఏ వాక్యానికైతే పిల్లవాడి తలలో అప్పటికే ఒక ఎదురు వాక్యం గట్టిగా నాటుకుని ఉందో, అదీ మనం గంటలు ఖర్చుపెట్టాల్సిన చోటు. ఎదురు వాక్యం లేనిదాన్ని చదువుకోమని చెప్తే చాలు, చదువుకుంటాడు. స్ఫటికాలను సౌష్టవాన్ని బట్టి విడదీసిన తరగతులు 32. ఆ 32 క్రిస్టల్ క్లాసులకు వ్యతిరేకంగా అనంతపురంలో ఎవరి మనసులోనూ ఏమీ లేదు.

ఈ ముఖ్యమైనవి ఏవో చెప్పమని మాస్టార్లను అడగడం దండగ అని అప్పటి నుంచి నా అభిప్రాయం. సాంబారులో ఉప్పెంత అని అమ్మనడిగితే "తగినంత" అంటుంది. ఆమెకు తెలియక కాదు. తెలియని రోజులు గుర్తులేక. ముప్పై ఏళ్లు రాళ్లు చూసినవాడికి రాయిలో కాలం కనిపించడం కంటిచూపంత మామూలు, అది కనిపించని రోజు ఎట్లా ఉండేదో చెప్పమంటే చెప్పలేడు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్‌కు 1990 ప్రాంతంలో ఇదే దెబ్బ తగిలింది. కష్టమైన లెక్కలు చేసే తన విద్యార్థులకు బలం, చలనం మీద మామూలు మాటల్లో ఉన్న ప్రశ్నలిస్తే, ఒక అమ్మాయి లేచి, మీరు చెప్పినట్టు రాయాలా, నేను అనుకునేట్టు రాయాలా అని అడిగిందట. మావాడు ఆ మాట అడగలేదు, అంతే తేడా. పరీక్షలో మేం చెప్పినట్టు రాశాడు, తోటలో తను అనుకున్నట్టు నడిచాడు.

కాబట్టి పిల్లలనే అడిగాం. ఫైనలియర్ వాళ్లకు మార్కుల్లేని ఒక చిన్న పేపరు ఇచ్చాం. అందులో నిర్వచనాలు లేవు. మొదటి ప్రశ్న: మీ ఇంటి కింద ఆరు వందల అడుగుల దాకా ఏముంటుందో బొమ్మ గీయండి.

ఆ బొమ్మలు నా బీరువాలో ఇప్పటికీ ఉన్నాయి. ఒకడు మట్టి, రాయి, దాని కింద నీలం స్కెచ్ పెన్నుతో చెరువు, మళ్లీ రాయి గీశాడు. ఒకమ్మాయి అడుగున ఎర్రగా లావా పెట్టింది, ఆరు వందల అడుగులకే. చాలామంది గీసింది మాత్రం ఇసుక పొర, బంకమట్టి పొర, మళ్లీ ఇసుక పొర, వాటి మధ్య ఒత్తిడితో పైకి చిమ్మే ఆర్టీసియన్ బావి. ఎక్కడో చూసినట్టుందే అనుకుంటే, అది మేం వాడే టెక్స్ట్‌బుక్ బొమ్మే. నదులు మేట వేసిన నేలల్లో అది నిజం. వాళ్ల ఇల్లున్నది రాప్తాడులోనో బెళుగుప్పలోనో, బండరాతి మీద. ఆ బొమ్మను నేను ఇరవై ఏళ్లుగా బోర్డు మీద గీస్తున్నాను, ఎంత చక్కగా గీస్తానో అని మురిసిపోతూ.

రెండో ప్రశ్న: బంకమట్టిలో ఖాళీ ఎక్కువా, ఇసుకలోనా? బావి దేంట్లో తవ్వుతావు? పోరోసిటీ నిర్వచనం రాయగల పిల్లలు ఇక్కడ ఆగిపోయారు. ఖాళీ ఎక్కువుంటే నీళ్లు ఎక్కువ, కాబట్టి బంకమట్టిలోనే అని కొందరు, బంకమట్టిలో ఖాళీయే ఉండదని కొందరు. నిజానికి బంకమట్టిలో నూటికి నలభై, యాభై పాళ్లు ఖాళీయే, కానీ పట్టుకున్న నీటిని వదలదు. కర్నూలు నల్లరేగడిలో వాన తర్వాత చెప్పు ఇరుక్కుపోయిన ప్రతివాడికీ ఇది కాలికి తెలుసు. పట్టుకోవడం వేరు, వదలడం వేరు. పోరోసిటీ, పర్మియబిలిటీ, స్పెసిఫిక్ యీల్డ్ (నిండా తడిసిన రాయి బావికి వదిలే నీటి పాలు) అనే మూడు నిర్వచనాల వెనకున్నది ఈ ఒక్క ముక్కే. మేం మూడింటినీ మూడు గంటల్లో చెప్పేసి, ఆ ముక్క మాత్రం చెప్పలేదు.

ఆ ముక్క అందితే ఒక లెక్క చేయొచ్చు. క్లాసులో నేనిప్పుడు మొదటి వారమే చేయిస్తున్నాను. అనంతపురంలో ఏడాది వాన సుమారు 550 మిల్లీమీటర్లు. మన చివికిన గ్రానైటు నేలల్లో అందులో నూటికి 11 పాళ్లు భూమిలోకి దిగుతుందని భూగర్భజలాల అధికారిక లెక్కల్లో వాడే అంచనా. అంటే 60 మిల్లీమీటర్లు, మూడు నాలుగు వేళ్ల మందం. ఈ రాయి నిండా తడిసినా బావికి వదిలేది తన పరిమాణంలో నూటికి 3 పాళ్లు. కాబట్టి ఆ 60 మిల్లీమీటర్లు బావిలో మట్టాన్ని రెండు మీటర్లు లేపుతాయి. రైతు వచ్చి చూసి "ఆరడుగులు ఎక్కింది, ఈ ఏడు ఢోకా లేదు" అంటాడు. ఎక్కింది ఆరడుగులే గానీ అందులో ఉన్నది మూడు నాలుగు వేళ్ల నీరు. ఇప్పుడు బోరు కింద ఒక ఎకరా వరి పెట్టు. వరికి 1200 మిల్లీమీటర్లు కావాలనుకుంటే, 1200ను 60తో భాగించు. ఇరవై. ఒక ఎకరా వరి ఇరవై ఎకరాల మీద ఇంకిన వానను తాగుతుంది. మడిలోంచి తిరిగి ఇంకేది కొంత ఉంటుంది, పైన పడే వాన కొంత తడుపుతుంది, ఆ కోతలన్నీ తర్వాత వేసుకోవచ్చు. ఇరవై పదిహేను కావొచ్చు, ఒకటి మాత్రం కాదు.

ఈ లెక్క బోర్డు మీద పూర్తయినప్పుడు క్లాసులో ఒక నిశ్శబ్దం వస్తుంది. వాళ్లలో చాలామంది ఇళ్లల్లో బోర్లున్నాయి, కొందరి ఇళ్లల్లో మూడు ఎండిపోయి నాలుగోది నడుస్తుంటుంది. వెనక బెంచీ నుంచి ఒకడు మెల్లగా, "అయితే మిగతా పంతొమ్మిది ఎకరాలు ఎవరివి సార్?" అన్నాడు ఒకసారి. ఆ ప్రశ్న ఏ యూనిట్‌లోనూ లేదు. నాకు మాత్రం ఆ సెమిస్టర్ అక్కడ మొదలైనట్టనిపించింది.

ఇదేదో నేను కనిపెట్టిందేమీ కాదు. 2000 తర్వాత అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో ఏడు జిల్లాల్లో రైతుల చేతే భూగర్భజలాలను కొలిపించిన ప్రాజెక్టు ఒకటి నడిచింది. అనంతపురం, కడప, కర్నూలు మూడూ అందులో ఉన్నాయి. ఊళ్లో వానను కొలిచే డబ్బా పెట్టారు, బోర్లలో మట్టాన్ని రైతులే పదిహేను రోజులకోసారి కొలిచారు, రబీకి ముందు అందరూ కూర్చుని ఎంత నీరుంది, ఏ పంటకు ఎంత పోతుంది అని గోడ మీద లెక్క వేసుకున్నారు. అక్కడ ఎవరికీ డార్సీ పేరు తెలియాల్సిన పని పడలేదు. మట్టాన్ని ఏడాది పొడుగునా చేత్తో కొలిచినవాడి మనసులో ధార నిలవదు. రైతుబడికి అక్కరకొచ్చే నాలుగు ముక్కలు ఏరుకోవడం వాళ్లకు సాధ్యమైంది, ఎందుకంటే రైతును మూడేళ్లు కూర్చోబెట్టి మార్కులు వేసే సౌకర్యం వాళ్లకు లేదు. మాకుంది, అందుకే మేం ఏరుకోలేదు.

2003లో మేయర్, ల్యాండ్ అనే ఇద్దరు బ్రిటన్‌లో ఇలాంటి భావనలకు థ్రెషోల్డ్ కాన్సెప్ట్ అని పేరు పెట్టారు. థ్రెషోల్డ్ అంటే గడప. నేను కడప జిల్లావాణ్ని. తిరుమల కొండకు పోయేవాళ్లకు ఇదే తొలి గడప, అందుకే దేవుని కడప అయిందని మా అవ్వ చెప్పేది. కాబట్టి ఈ మాట నాకు వెంటనే ఎక్కింది. వాళ్లు చెప్పేదేమంటే, ప్రతి శాస్త్రంలో కొన్ని భావనలు గడపల్లాంటివి. దాటడం కష్టం, మనసు మొరాయిస్తుంది. దాటాక మాత్రం ఇల్లంతా వేరుగా కనిపిస్తుంది, మళ్లీ బయట ఉన్నప్పటిలాగా చూడమన్నా చూడలేం. ఎకనామిక్స్‌లో వాళ్లిచ్చే ఉదాహరణ ఆపర్చునిటీ కాస్ట్: ఒకటి ఎంచుకున్నామంటే, దానికోసం వదులుకున్నదే దాని అసలు ధర. సిలబస్ మీటింగులో కూర్చునే ప్రతివాడూ ఈ ఒక్కటి గట్టిగా పట్టుకుంటే చాలని నాకనిపిస్తుంది. "రిమోట్ సెన్సింగ్ కూడా పెడదాం" అన్నప్పుడు ఆ "కూడా" ఊరికే రాదు. ఆరు గంటలు ఎవరి దగ్గరో తీసుకోవాలి. తీసుకున్నామని ఒప్పుకోము కాబట్టి అందరి దగ్గరా కొంచెం కొంచెం గీరుతాం. చివరికి ఏ గడపా దాటకుండానే పిల్లలకు ఇల్లంతా కిటికీలోంచి చూపించి పంపిస్తాం.

మాకు రెండో గడప గువ్వలచెరువులో దొరికింది. కడప నుంచి రాయచోటి పోయే బస్సు అక్కడ ఆగితే పాలకోవా కొనుక్కోనివాళ్లు ఉండరు. మా పిల్లలు సెకండియర్‌లో కడప రాళ్ల వరస బట్టీ పడతారు: గుల్చేరు క్వార్ట్జైట్, వేంపల్లె డోలమైట్, పులివెందుల, తాడిపత్రి, గండికోట... ఆ గుల్చేరు ఈ గువ్వలచెరువే. విలియం కింగ్ 1872లో ఈ రాళ్ల మీద పెద్ద నివేదిక రాశాడు. దొరల నోట్లో నలిగిన మన ఊరి పేర్లు పుస్తకాల్లో అలాగే నిలిచిపోయాయి. కోవా తింటూ ఘాట్‌లో నిలబడి, "సార్ మరి గుల్చేరు ఎక్కడ?" అని అడిగారు ఒక బ్యాచ్ పిల్లలు. దాని మీదే నిలబడి ఉన్నారు.

ఆ క్వార్ట్జైటు కింద గ్రానైటు ఉంటుంది. గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. పైదాని వయసు అంతకంటే కొన్ని పదుల కోట్ల ఏళ్లు తక్కువ. రెండూ కలిసే గీత మీద అరచెయ్యి పెడితే, కింది వేలికీ పై వేలికీ మధ్య అంత కాలం మాయమై ఉంటుంది. ఆ మధ్యలో కొండలు అరిగి చదునైపోయాయి, దానికి సాక్ష్యంగా మిగిలింది ఆ గీత ఒక్కటే. దీన్నే అన్‌కన్ఫర్మిటీ అంటాం. మా పిల్లలు దాంట్లో రకాలన్నీ బొమ్మలతో రాస్తారు. ఘాట్‌లో ఆ గీత చూపించి, ఏం కనిపిస్తోంది అంటే, "ఏముంది సార్, రాయి మీద రాయి" అన్నారు. రాయి లేకపోవడం కూడా చరిత్రే అన్నది గడప. రకాల పేర్లు ఆ గడప లోపల గోడకు తగిలించిన పటాలు. మేం పటాలతో మొదలుపెట్టాం.

ఇక ట్రైలోబైట్ల సంగతి. అవంటే నాకు ప్రాణం. పీజీలో నా ప్రాజెక్టు ఫాసిల్స్ మీదే, ఒక్కోదాని తల, మొండెం, తోక భాగాల తేడాలు నాకు కళ్లు మూసుకున్నా గుర్తే. మన కడప రాళ్లలో ఎంత వెతికినా ఒక్క ట్రైలోబైట్ దొరకదు. ఈ రాళ్లు ఏర్పడేనాటికి అవి పుట్టనేలేదు. ఇక్కడ దొరికేవి స్ట్రొమటోలైట్లు, అంటే సూక్ష్మజీవులు పేర్చినవి, వేంపల్లె రాళ్లలో గోబీపువ్వు కోసినట్టు కనిపించే పొరలు. ఈ మాట పట్టుకుని పెట్రాలజీ మేడం, "మన దగ్గర లేనప్పుడు ఎందుకు సార్?" అంది. ఆ వాదన తప్పు, అప్పుడూ ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. మన దగ్గర లేదని తీసేస్తే అగ్నిపర్వతం తీసేయాలి, హిమానీనదం తీసేయాలి, సముద్రమూ తీసేయాలి. స్థానికం కావడం వేరు, అవసరం కావడం వేరు. గువ్వలచెరువు మనది కాబట్టి ముఖ్యం కాలేదు, ఆ గడపను బస్సు చార్జీతో దాటించగలం కాబట్టి అయింది.

నా ట్రైలోబైట్లు ఓడింది వేరే ప్రశ్న దగ్గర. "దీన్ని తీసేస్తే తర్వాత చెప్పేదాంట్లో ఏది కూలుతుంది?" అని ఒక్కోదాన్నీ అడుగుతూ వచ్చాం. వేల మైళ్ల దూరంలో ఉన్న రెండు రాళ్లలో ఒకే రకం జీవుల ఆనవాళ్లుంటే, అవి ఒకే కాలానివని చెప్పొచ్చు అన్న వాక్యం తీసేస్తే రాతి పొరల కాలక్రమం చెప్పే స్ట్రాటిగ్రఫీ కూలిపోతుంది. అది ఉండాలి. దాన్ని చెప్పడానికి ఒక్క జీవిని బాగా చూపిస్తే సరిపోతుంది. నేను చెప్తున్నవి డజను. పదకొండు కొట్టేశాను, నా చేత్తోనే. పెన్ను కదలడానికి చాలాసేపు పట్టింది.

నేను కొట్టేశాకే క్రిస్టలోగ్రఫీ సారును అడగగలిగాను. ఆయన ఊరికే ఒప్పుకునే మనిషి కాదు, చెప్పిన అభ్యంతరాలు కూడా ఊరికే కొట్టిపారేసేవి కావు. ఆ చెక్క మోడళ్లను చేతిలో తిప్పితిప్పి చూసినవాడికి తర్వాత భూమి లోపలి పొరలను మనసులో తిప్పడం వస్తుంది అన్నాడు. నిజమే. అందుకే సౌష్టవం ఉంది, మోడళ్లు ఉన్నాయి, పేర్లు మాత్రం వెళ్లాయి. ఆయన రెండో అభ్యంతరం మీద మాత్రం నా దగ్గర ఇప్పటికీ పూర్తి జవాబు లేదు. "నీ గడపలు బాగున్నాయి గానీ, పీజీ ఎంట్రన్సులో 32 క్లాసుల మీద బిట్టు వస్తుంది. మన పిల్లవాడికి ఆ ఒక్క మార్కు పోతే సీటు పోతుంది. పట్నం పిల్లలకు కోచింగ్ ఉంది, మనవాళ్లకు మన నోట్సే కోచింగ్." ఇది నెత్తి మీద కత్తి. బిట్లన్నీ ఒక పుస్తకంగా వేసి సెలవుల్లో చదువుకోమందాం, క్లాసు గంటలు మాత్రం వాటికి ఇవ్వొద్దు అన్నాను. ఆయన తల ఊపాడు గానీ ఒప్పుకున్నట్టు కాదు. పెద్దవాడు కాబట్టి ఊరుకున్నాడు.

ఫారాల సంగతి రెండు మాటల్లో చెప్పేస్తాను. ఇంత తర్జనభర్జన పడ్డాక దాన్ని కోర్సు అవుట్‌కమ్స్ (చదివాక పిల్లవాడికి ఏం వచ్చి ఉండాలి) పట్టికలో ఎక్కించాలి. ప్రతి గడిలో ఒకటో, రెండో, మూడో వేయాలి. "ధార అనే నమ్మకం వదులుకుంటాడు" అని రాస్తే ఆ మాటకు సరైన క్రియాపదం జాబితాలో లేదన్నారు. "అండర్‌స్టాండ్స్ ఆక్విఫర్ ప్రాపర్టీస్" అని రాసి, పక్కన మూడు వేశాను.

కొత్త సిలబస్ మొదటి సెమిస్టర్ బాగానే నడిచింది. పిల్లలు ఇంటి దగ్గర బావులు, పాడుబడ్డ బోర్లలో తాడు కట్టిన రాయి వదిలి మట్టం కొలిచి తెచ్చారు. ఒకమ్మాయి నోట్‌బుక్‌లో అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా అంకెలు దిగుతూ పోవడం చూసి వాళ్ల అబ్బ, "మన బావి మరణ వాంగ్మూలం రాస్తాండావే పాపా" అన్నాడట. ఇదంతా చూసి నేను కొంచెం ఎగిరాను. సెమిస్టర్ పరీక్ష రోజు ప్రశ్నపత్రం కట్ట విప్పేదాకా.

మాది అటానమస్ కాబట్టి పేపరు బయటి కాలేజీ నుంచి సెట్ చేయిస్తారు. సెట్టర్‌కు సిలబస్ పంపారు. ఆయన దాంట్లో తనకు తెలిసిన మాటలు వెతుక్కుని, తనకు అలవాటైన ప్రశ్నలు వేశాడు. పోరోసిటీని, పర్మియబిలిటీని నిర్వచించి వాటి రకాలు వివరించుము. అన్‌కన్ఫర్మిటీలలోని రకాలను బొమ్మలతో వివరించుము. ఆయన తప్పేం లేదు, మేం ఆయనకు శీర్షికలే పంపాం. పిల్లలు హాల్లోంచి బయటికి వచ్చి, "సార్, మీరు చెప్పింది ఒక్కటీ రాలేదు" అన్నారు. మట్టం కొలిచిన అమ్మాయికి 75కి 41 వచ్చాయి.

వచ్చే బోర్డు మీటింగుకు ఈసారి సిలబస్ కాదు, మోడల్ పేపరు తయారుచేస్తున్నాం. సెట్టర్‌కు సిలబస్‌తో పాటు అదీ పోవాలి, ఆ తరహాలోనే ప్రశ్నలుండాలి అని తీర్మానం చేయించాలి. క్రిస్టలోగ్రఫీ సారు మద్దతు ఇంకా అడగలేదు. ఇప్పటికి ఒక్క ప్రశ్న మాత్రం అందరికీ నచ్చింది, ఆయనకు కూడా. పది మార్కులది:

"ఒక రైతు చీనీ తోటలో 400 అడుగుల బోరు ఎండిపోయింది. పక్క తోటలో 450 అడుగుల బోరులో ఇంకా నీళ్లు వస్తున్నాయి. కింద ధార ఉందని, 600 అడుగులు వేస్తే తగులుతుందని ఆయన నమ్మకం. రేపు పొద్దున బోరు బండి వస్తుంది. నువ్వు ఆయన కొడుకువి. మీ నాయనకు అర్థమయ్యే మాటల్లో, బొమ్మ గీసి, ఏం చెప్తావో రాయి. నిర్వచనాలకు మార్కులు లేవు."